నొవొమొవా: పేపర్లోని మాటని పద్యంలా చదివిన పోలిష్ విమర్శకుడు

గత వారం మన గ్రూపులో జరిగిన ‘సర్కారు తెలుగు’ చర్చలో ఒకరు ‘నొవొమొవా’ అనే పోలిష్ మాట వాడారు. దాని సంగతేమిటని ఇంకొందరు అడిగారు. ఒక వ్యాఖ్యలో ఇమిడే విషయం కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

మాటని విడదీయడం సులువే. ‘నొవొ’ అంటే కొత్త, మన ‘నవ’కి దూరపు చుట్టం. ‘మొవా’ అంటే పలుకు, మాట్లాడే తీరు. జార్జ్ ఆర్వెల్ 1949లో రాసిన ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ నవలలో పాలకులు తయారుచేసే ‘న్యూస్పీక్’ అనే కృత్రిమ భాష ఉంది కదా, దానికి పోలిష్ పేరు ఇది. ఆ నవల పోలిష్‌లో 1953లో వచ్చింది. అదీ అప్పట్లో కమ్యూనిస్టు పాలనలో ఉన్న పోలండ్‌లో కాదు, పారిస్‌లో ప్రవాస పోలిష్ రచయితల ప్రచురణ సంస్థ వేసింది. దేశంలోకి దొంగచాటుగా చేరిన పుస్తకాల్లో అదొకటి. నవలలో ఊహించి రాసిన భాషకి పెట్టిన ఆ పేరు కాలక్రమంలో పోలండ్‌లో రోజూ రేడియోలో వినపడే, పేపర్లో కనపడే భాషకి పేరైపోయింది. అలా స్థిరపడడానికి అందరికన్నా ఎక్కువ కారణం ఒక సాహిత్య విమర్శకుడు. ఆయన పేరు మిహావ్ గ్వొవిన్‌స్కి. 1934 నవంబరు 4న వార్సాలో పుట్టారు, 2023 సెప్టెంబరు 29న చనిపోయారు.

రాజకీయ శాస్త్రవేత్తలు, పత్రికల వాళ్ళు చేయాల్సిన పని కదా, కవిత్వం మీద పనిచేసే మనిషి ఎందుకు చేశాడు అని అనిపించవచ్చు. నా ఉద్దేశంలో సాహిత్య విమర్శకుడు కాబట్టే చేయగలిగారు. ఆయన అధికారుల ప్రసంగాన్ని ‘నిజమా, అబద్ధమా’ అని మాత్రమే చూడలేదు. పద్యాన్ని చదివేవాడు చూసినట్టు చూశారు: ఏ మాట ఎంచుకున్నారు, దాని పక్కన ఏ విశేషణం పెట్టారు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నట్టు నటిస్తున్నారు, ఏ మాట ఎక్కడా రావడం లేదు. ఈ గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ అలవాటైన పనే ఇది. అందుకే ఆయన గురించి ఇక్కడ చెప్పాలనిపించింది.

ఆయన చదువు, ఉద్యోగం సంగతి క్లుప్తంగా చెప్తాను. 1955లో వార్సా విశ్వవిద్యాలయంలో పోలిష్ సాహిత్యం చదువు పూర్తి చేశారు. 1958లో పోలిష్ విజ్ఞాన అకాడమీకి చెందిన సాహిత్య పరిశోధన సంస్థలో చేరారు, పనిచేసినంత కాలం అదే ఆయన ఇల్లు. 1962లో కవి యూలియన్ తువిమ్ కావ్యరీతి మీద పుస్తకం వచ్చింది. అదే ఏడాది అలెక్సాంద్రా ఒకొపియెన్-స్వావిన్‌స్కా, యానుష్ స్వావిన్‌స్కిలతో కలిసి రాసిన సాహిత్య సిద్ధాంత పాఠ్యపుస్తకం వచ్చింది. పోలండ్‌లో సాహిత్యం చదివిన కొన్ని తరాల విద్యార్థులు దాన్ని చదివే పరీక్షలు రాశారు. 1976లో ఈ ముగ్గురూ తెరెసా కొస్త్కియెవిచొవాతో కలిసి సాహిత్య పారిభాషిక పదాల నిఘంటువు తెచ్చారు. బొలెస్వావ్ లెష్మియన్ అని కొత్త మాటలు పుట్టించడంలో పేరున్న కవి ఒకరున్నారు, ఆయన మీద 1981లో గ్వొవిన్‌స్కి వ్యాసాల సంపుటి వచ్చింది. నవలల మీద కూడా చాలా రాశారు.

ఈ పనంతటిలో మన చర్చకి బాగా పనికొచ్చేది 1967 నాటి ఒక వ్యాసం. అందులో ఆయన చెప్పినది ఇది: ప్రతి కవితలోనూ దాన్ని వినే మనిషి ఒకడు ముందే అల్లుకుని ఉంటాడు. పుస్తకం చేతిలో పట్టుకున్న మీరో నేనో కాదు, ఆ కవిత తన నిర్మాణంలోనే ఊహించుకున్న శ్రోత. మనకి శతక మకుటం అలవాటు కాబట్టి ఇది తేలిగ్గా అందుతుంది. ‘సుమతీ’ అని పిలవగానే వినేవాడికి ఒక కుర్చీ వేసినట్టే, అందులో కూర్చోవాలంటే మంచి బుద్ధి గలవాడు కావాలి. పద్యంలో చెప్పిన నీతిని ఒప్పుకోనివాడికి అక్కడ చోటే లేదు. గ్వొవిన్‌స్కి ఇదే ప్రశ్నని ఏడాది తిరక్కుండా పత్రికల మీద వేయాల్సి వచ్చింది: ఈ సంపాదకీయం ఎలాంటి మనిషిని శ్రోతగా ఊహించుకుంటోంది? అందులో కూర్చోడానికి నేనెవరిని కావాలి?

1968 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1967 నవంబరు 25న వార్సా జాతీయ రంగస్థలంలో ఆదమ్ మిత్స్కియెవిచ్ రాసిన ‘జాదీ’ నాటకం మొదలైంది. దర్శకుడు కాజిమియెష్ దేయ్‌మెక్. 19వ శతాబ్దపు కావ్యనాటకం అది, రష్యన్ జార్ పాలన మీద కోపం నిండిన రచన, పోలిష్ పిల్లలు బళ్ళో చదువుకునేది. జార్‌ని తిట్టే చోట జనం చప్పట్లు కొట్టడం సోవియట్ రష్యా అండతో ఉన్న పాలకులకి నచ్చలేదు. 1968 జనవరి 30 ప్రదర్శనతో ఆపించేశారు. విద్యార్థులు ఆ రాత్రే మిత్స్కియెవిచ్ విగ్రహం దగ్గరికి ఊరేగింపుగా వెళ్ళారు. నిరసనలో ముందున్న ఇద్దరు విద్యార్థుల్ని విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు. మార్చి 8న ఆవరణలో సభ పెడితే లాఠీలతో చెదరగొట్టారు. గొడవ మిగతా ఊళ్ళ విశ్వవిద్యాలయాలకి పాకింది.

ఆ తర్వాతి వారాల్లో పేపర్లలో కొన్ని మాటలు ఒకేసారి, ఒకే రకంగా కనపడడం మొదలైంది. విద్యార్థుల్ని ‘విహ్‌షిచెల్’ అన్నారు. ‘విహెర్’ అంటే పెనుగాలి, అక్కడి నుంచి వచ్చిన మాట, అల్లర్లు రేపేవాడని అర్థం. ‘బనానొవా మ్వొజెష్’ అన్నారు, అంటే అరటిపళ్ళ కుర్రకారు. మనకి ఇది తిట్టులా వినపడదు. అరటిపండు మామూలు మనిషికి దొరకని దేశంలో, అధికారుల ఇళ్ళలో మాత్రమే అరటిపళ్ళు తిని పెరిగిన పిల్లలు అని ఎత్తిపొడుపు. నిరసన వెనకున్న వాళ్ళని ‘రాజకీయ దివాలాకోరులు’ అన్నారు. ‘ప్రేరకులు’ అన్నారు, అంటే విద్యార్థులకి సొంత బుర్ర లేదు, వెనక ఎవరో ఉన్నారని ఆ ఒక్క మాటతో చెప్పేశారు.

అన్నిటికన్నా భయంకరమైన మాట ‘సియొనిస్తా’. సియోనిస్టు అనేది యూదులకి సొంత దేశం ఉండాలన్న రాజకీయ భావజాలాన్ని నమ్మేవాడికి పేరు. 1968 మార్చిలో పోలిష్ పత్రికల్లో ఆ మాటకి అర్థం యూదుడు, అంతే. ఇజ్రాయెల్ గురించి ఎన్నడూ ఆలోచించని వాళ్ళు, చిన్నప్పటి నుంచి కమ్యూనిస్టు పార్టీలో ఉన్నవాళ్ళు, తమ తాతముత్తాతల మతమేదో పట్టించుకోని వాళ్ళు కూడా రాత్రికి రాత్రి సియోనిస్టులయ్యారు. ‘మేము యూదులకి వ్యతిరేకం కాదు, సియోనిజానికి వ్యతిరేకం’ అని ప్లకార్డులు పట్టుకున్నారు. చెప్పకూడని మాటని చెప్పకుండానే చెప్పడానికి ఇంకో మాటని అద్దెకి తెచ్చుకున్నారు. మార్చి 19న పార్టీ నాయకుడు వ్వాదిస్వావ్ గొమూవ్కా వార్సా కాంగ్రెస్ హాలులో మాట్లాడుతూ దేశంలోని యూదుల్ని మూడు రకాలుగా విడదీసి చెప్పాడు. హాలులోంచి ‘ఇంకా ధైర్యంగా!’ అని కేకలు వినపడ్డాయి.

ఆ మాటల వల్ల ఏం జరిగిందో కూడా తెలియాలి. ఉద్యోగాలు పోయాయి. 1968 నుంచి 1971 దాకా సుమారు 13 వేల మంది దేశం విడిచి వెళ్ళారు. చాలామంది వార్సాలోని గ్దాన్‌స్క్ స్టేషన్‌లో రైలెక్కారు. చేతిలో పాస్‌పోర్టు లేదు, ‘ప్రయాణ పత్రం’ అని ఒక కాగితం ఉంది. దీన్ని పట్టుకున్న మనిషి పోలిష్ పౌరుడు కాడు అని దాని మీద రాసి ఉంది. పేపర్లో ఒక మాటకి అర్థం మారిన కొన్ని నెలల్లో జరిగింది ఇదంతా.

గ్వొవిన్‌స్కి వెళ్ళలేదు. ఆయనా యూదు కుటుంబంలో పుట్టినవారే. వార్సాలోనే ఉండి, పేపర్లో వచ్చిన మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుని చిన్న చిన్న వ్యాఖ్యలు రాసుకుంటూ వచ్చారు. అచ్చువేసే వీలే లేదు. అలా రాయడాన్ని పోలిష్‌లో ‘సొరుగులోకి రాయడం’ అంటారు, సెన్సారు ఉన్న దేశంలో పుట్టే జాతీయం. 1966 నుంచి 1971 దాకా రాసుకున్నవి 1991లో ‘మార్త్సొవె గదానియె’ అన్న పేరుతో వచ్చాయి. ‘మార్చి నెల కబుర్లు’ అనవచ్చు, ‘మార్చి వాగుడు’ అన్నా తప్పు లేదు. ఆ తర్వాత 1976–81 కాలం మీద ఒకటి, సైనిక పాలన విధించాక 1982–85 కాలం మీద ఒకటి, 1985 జూన్ నుంచి 1989 జనవరి దాకా జరిగిన చివరి అంకం మీద ఒకటి, మొత్తం నాలుగు పుస్తకాలు. అంటే రెండు దశాబ్దాలకి పైబడిన కాలంలో ఒక మనిషి తన దేశపు అధికార భాషకి పక్కనే కూర్చుని టీక రాశారు. మల్లినాథుడు కాళిదాసుకి రాసిన శ్రద్ధతో, ఏ అందమూ లేని వాక్యాలకి రాశారు. ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ రాతల నుంచి నొవొమొవా లక్షణాల్ని ఆయన నాలుగుగా తేల్చారు. అన్నిటికన్నా ముందు చెప్పినది, నా దృష్టిలో అసలైనది, మాట మీద విలువ ముద్ర. ఆ భాషలో ఏ మాటా ఊరికే ఉండదు. ప్రతి మాటా మంచిదనో చెడ్డదనో ముందే తేలిపోయి ఉంటుంది. మనవాడు చేస్తే వ్యూహం, అవతలివాడు చేస్తే కుట్ర. అర్థం పల్చబడిపోతుంది, ముద్ర చిక్కబడుతుంది. చివరికి ‘సియొనిస్తా’ అంటే ఏమిటి అని అడిగితే ఎవరూ చెప్పలేరు, కానీ అది చెడ్డదని అందరికీ తెలుసు.

ఇంకోటి, ఒకే వాక్యం పని చేయించడానికీ పనికొస్తుంది, పూజలో మంత్రంలా చదవడానికీ పనికొస్తుంది. సభలో చెప్పిందే చెప్పడం ఎవర్నీ ఒప్పించడానికి కాదు, అందరం ఇక్కడే ఉన్నామని చూపించుకోడానికి. మూడోది మాటకి ఉన్న మంత్రశక్తి. ‘సమాజమంతా సమర్థిస్తోంది’ అని రాస్తే అది వార్త కాదు, అలా ఉండాలని ఆజ్ఞ. 1970ల్లో ‘పోలండ్ బలపడాలి, జనం మరింత సుఖంగా బతకాలి’ అన్న నినాదం ఎక్కడ చూసినా ఉండేది, మాంసం కొట్టు ముందు క్యూ కూడా ఉండేది. నాలుగోది ఇష్టారాజ్యం. ఏ మాట ఎవరికి వర్తిస్తుందో, ఏ మాట వాడకూడదో పైవాళ్ళు తేలుస్తారు. ‘సంక్షోభం’ పెట్టుబడిదారీ దేశాలకే వస్తుంది, మనకి వచ్చేవి ‘తాత్కాలిక ఇబ్బందులు’. ధరలు పెరగవు, ‘ధరల సర్దుబాటు’ జరుగుతుంది. కార్మికుల దేశంలో కార్మికులు సమ్మె చేయడమేమిటి? అందుకని 1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారం మూతపడి ఉన్నప్పుడు కూడా పేపర్లు మొదట్లో ‘పనిలో విరామాలు’ అనే రాశాయి.

ఒక్క మాటని దగ్గరగా చూద్దాం. 1976 జూన్‌లో ధరలు పెంచుతామని ప్రకటిస్తే రాదొమ్‌లో, వార్సా పక్కనున్న ఉర్సుస్‌లో కార్మికులు రోడ్డెక్కారు. ప్రభుత్వం పెంపు వెనక్కి తీసుకుంది. కానీ పత్రికలు ఆ కార్మికుల్ని ‘వర్హొవ్’ అన్నాయి. ఇది పాత పోలిష్ మాట. దేశంలో భూస్వామ్య ప్రభువుల సభలు జరిగే రోజుల్లో, తన మొండితనంతో సభని చెడగొట్టే కలహప్రియుడైన ప్రభువుని అలా అనేవారు. ఫ్యాక్టరీలో ట్రాక్టర్లు చేసేవాడికి ఆ మాట ఎలా అతుకుతుంది? అతకక్కర్లేదు. పిల్లలు చరిత్ర పాఠంలో అసహ్యించుకోవడం నేర్చుకున్న మాట అది. ఆ అసహ్యాన్ని మాత్రం తీసి కార్మికుడి మీద అంటించారు. ఆ సెప్టెంబరులో కొందరు మేధావులు అరెస్టయిన వాళ్ళ కుటుంబాలకి సాయం చేయడానికి ఒక కమిటీ పెట్టి దానికి ‘కార్మికుల రక్షణ కమిటీ’ అని పేరు పెట్టారు. కార్మికుల పార్టీ పాలిస్తున్న దేశంలో కార్మికుల్ని ఎవరి నుంచి రక్షించాలి? ఆ పేరు ఒక్కటే అధికార భాషకి సరైన జవాబు. ఆడంబరం లేదు, తిట్టు లేదు, ప్రతి మాటా నిఘంటువులో ఉన్న అర్థంలోనే ఉంది.

ఆర్వెల్‌కీ ఈయనకీ తేడా ఒకటి గమనించాలి. ఆర్వెల్ ఊహించిన భాష ఏకైక భాష అవ్వాలని చూస్తుంది, మాటల్ని కోసేస్తూ ఆలోచననే అసాధ్యం చేస్తుంది. పోలండ్‌లో అలా జరగలేదని గ్వొవిన్‌స్కి గట్టిగా చెప్పారు. ఇంట్లో మాట్లాడే భాష ఉంది, చర్చిలో భాష ఉంది, పాత కవిత్వం ఉంది, జోకులు ఉన్నాయి, రహస్యంగా అచ్చయ్యే పుస్తకాలున్నాయి. నొవొమొవా వీటన్నిటితో పోటీ పడాల్సి వచ్చింది, చాలాసార్లు ఓడిపోయింది. జనం దాన్ని వెక్కిరింపుగా వాడుకున్నారు కూడా. 1981 జనవరిలో క్రాకువ్‌లోని యాగెవొన్‌స్కి విశ్వవిద్యాలయంలో ఈ భాష మీదే ఒక విద్వత్సభ జరిగింది. ఒక భాష ఎలా పనిచేస్తుందో అందరూ బయటికి మాట్లాడుకోగలిగితే దాని పట్టు అప్పటికే సడలిందన్నమాట.

ఇక ఆయన బాల్యం. దీన్ని చివర పెట్టడానికి కారణం ఉంది. ఆయన కూడా దీన్ని చాలా ఆలస్యంగా, 1998లో, ‘చార్నె సెజొని’ (నల్లని రుతువులు) అన్న పుస్తకంలో రాశారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. గుర్తున్న ముక్కలు మాత్రమే రాశారు, గుర్తులేని చోట అతుకులు వేయలేదు. చరిత్ర పుస్తకాల్లోంచి తేదీలు తెచ్చి తన జ్ఞాపకాల మధ్య ఖాళీల్ని నింపలేదు.

పుస్తకం ఒక మాటతో మొదలవుతుంది. మాట ‘గెత్తొ’, మనం ఘెట్టో అంటాం, యూదుల్ని బంధించి ఉంచిన పేట. జర్మన్లు పోలండ్‌ని ఆక్రమించిన తొలి రోజులు. కుటుంబం వార్సా పక్కన ప్రుష్కుఫ్ అనే ఊళ్ళో ఉంది. మనల్ని గెత్తొలో పెడతారా పెట్టరా అని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే పిల్లవాడు విన్నాడు. అయిదారేళ్ళ వాడికి ఆ మాట తెలియదు. ఎన్నో గుర్రాలు లాగే బ్రహ్మాండమైన బండి, ఎన్నో అంతస్తులున్నది, ఊరి వీధుల్లో తిరుగుతూ ఉంటుంది, మనల్ని అందులో ఎక్కిస్తారు, అందులోనే ఉండాలి, భలే ఉంటుంది అనుకున్నాడు. మాటలో ఉన్న వింత ధ్వనికి పిల్లవాడి మనసు కట్టుకున్న బొమ్మ అది. త్వరలోనే ప్రుష్కుఫ్ ఘెట్టో వచ్చింది, ఆ తర్వాత వార్సా ఘెట్టో. మాటకి అసలు అర్థం గోడలుగా, ఆకలిగా, వీధిలో పడున్న శవాలుగా తెలిసింది.

1943 మొదట్లో కుటుంబం బయటపడింది. ఆ తర్వాత దాక్కోవడం. పట్టిస్తామని బెదిరించి డబ్బు గుంజేవాళ్ళని పోలిష్‌లో ‘ష్మాల్త్సొవ్నిక్’ అంటారు. పందికొవ్వుకి పేరైన మాట నుంచి వచ్చింది, వీధి భాషలో ఆ కొవ్వే డబ్బు. అలాంటివాడొకడు వాళ్ళున్న చోటికి వచ్చాడు. దగ్గరి బంధువు అయిన ఆవిడ డబ్బు తేవడానికి బయటికెళ్ళింది. ఆవిడ వచ్చేదాకా ఆ మనిషి, ఈ పిల్లవాడు కూర్చుని చదరంగం ఆడారు.

మరో అధ్యాయం ఒక మిఠాయి అంగడిలో గడిచిన పావుగంట గురించి. ఫోన్ చేసి వస్తానని ఆవిడ వాడిని బల్ల దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చూస్తున్నారు, గుసగుసలాడుతున్నారు. యూదుడు, తప్పకుండా యూదుడే అన్న మాటలు వాడి చెవిన పడుతున్నాయి. దగ్గరికొచ్చి పేరేంటి, ఎక్కడి నుంచి వచ్చావు అని ప్రశ్నలు వేశారు. పోలీసులకి చెప్పాలన్న మాట కూడా వచ్చింది. పెద్దయ్యాక ఆ ఆడవాళ్ళ గురించి రాస్తూ గ్వొవిన్‌స్కి వాళ్ళని రాక్షసుల్ని చేయలేదు. మామూలు మనుషులు, వాళ్ళ మట్టుకు మర్యాదస్తులు, సంసారాలు ఈదుకొస్తున్నవాళ్ళు అన్నారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా బరువైన పేజీలు అవే.

తర్వాత, యూదు పిల్లల్ని రహస్యంగా కాపాడిన ఇరేనా సెండ్లర్ సాయంతో వాడిని తూర్పున తుర్కొవిత్సెలో క్రైస్తవ సన్యాసినులు నడిపే అనాథాశ్రమానికి చేర్చారు. అక్కడే యుద్ధం ముగిసేదాకా ఉన్నాడు. యుద్ధం తర్వాత తల్లిని మళ్ళీ చూశాడు.

వీటన్నిటినీ చదివాక 1968 వ్యాఖ్యల దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. తన గురించి ఒక్క ముక్క చెప్పుకోకుండా, ‘సియొనిస్తా’ అన్న మాట వాక్యంలో ఏ స్థానంలో వస్తోంది, దాని పక్కన ఏ విశేషణం చేరుతోంది అని అంత నిదానంగా రాసిన మనిషి ఎవరో అప్పుడు అర్థమైంది. పక్క బల్ల దగ్గర గుసగుసగా అన్న ఒక్క మాట వల్ల ప్రాణం పోయే పరిస్థితిలో పెరిగిన మనిషి. ఆయనకి పర్యాయపదాల సంగతి వట్టి పాండిత్యం కాదు.

వ్యాఖ్యల నుంచి కొన్ని:

ఒక సభ్యురాలు, పేపర్ డెస్క్‌లో పనిచేస్తారట: “చాలా బాగా రాశారండీ. ‘ధరల సర్దుబాటు’ దగ్గర ఆగిపోయాను. మాకూ ‘ఛార్జీల సవరణ’ అనే ప్రెస్ నోట్ వస్తుంది. మేము ‘పెంపు’ అని మార్చి హెడ్డింగ్ పెడతాం. మనది కూడా నొవొమొవానే అనొచ్చా?”

నా జవాబు: మీరు ‘పెంపు’ అని మార్చి పెట్టగలుగుతున్నారు కదండీ, తేడా అక్కడే ఉంది. ‘సవరణ’ అనేది మాటని మెత్తబరచడం, అన్ని ప్రభుత్వాలూ కంపెనీలూ చేసే పని. నొవొమొవా అనాలంటే మీ హెడ్డింగ్‌కి చోటు ఉండకూడదు. పోలండ్‌లో ప్రతి పత్రికా అచ్చుకి ముందు సెన్సారు కార్యాలయానికి వెళ్ళేది. అయితే 1989 తర్వాత, కమ్యూనిస్టు పాలన ముగిసి ఆ భాష గుత్తాధిపత్యం పోయాక కూడా ఆ లక్షణాలు ముక్కలు ముక్కలుగా తిరిగొస్తాయని గ్వొవిన్‌స్కి చెప్పారు. 2016లో ‘జ్వా మొవా’ (చెడ్డ పలుకు) అన్న పుస్తకం వేశారు, ప్రచారానికి లొంగకుండా ఉండడమెలా అన్నది దాని ఉపశీర్షిక. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. కాబట్టి ‘సవరణ’ని చూసి భయపడక్కర్లేదు గానీ, మీ డెస్క్‌లో ‘పెంపు’ అని మార్చే అలవాటు మాత్రం దయచేసి మానకండి.

ఒక పెద్దాయన: “జర్మనీలో ఒక ప్రొఫెసరు కూడా నాజీల భాష మీద ఇలాగే రాశాడని ఎక్కడో చదివాను. ఆయన ముందా, ఈయన ముందా?”

నా జవాబు: ఆయనే ముందు, మాస్టారూ. విక్టర్ క్లెంపెరర్. డ్రెస్డెన్‌లో ఫ్రెంచ్ సాహిత్యం చెప్పేవారు, యూదుడని ఉద్యోగం తీసేశారు. రహస్యంగా డైరీ రాసుకుంటూ నాజీల మాటల్ని నమోదు చేశారు, 1947లో పుస్తకం వచ్చింది. ఇద్దరూ సాహిత్య పండితులే, ఇద్దరూ ఆ మాటలకి గురైన మనుషులే. తేడా చెప్పాలంటే క్లెంపెరర్ పుస్తకంలో ఆయన జీవితం ప్రతి పేజీలోనూ ఉంటుంది. గ్వొవిన్‌స్కి రెంటినీ విడదీశారు, మాటల పుస్తకాల్లో మాటలే, జీవితం వేరే పుస్తకాల్లో. 2010లో ‘క్రెంగి ఒప్త్సొష్చి’ అనే పెద్ద ఆత్మకథ రాశారు, ‘పరాయితనపు వలయాలు’ అనుకోవచ్చు. యూదుడిగా, స్వలింగ ప్రియుడిగా తను బతికిన పరాయితనాన్ని అందులోనే బయటపెట్టారు. చిన్నప్పుడు దాక్కున్న రోజుల నుంచి మూసిన గదులంటే ఆయనకి భయం. సాహిత్యంలో చిక్కుదారుల కోట అనే ప్రతీక మీద ఆయన రాసిన వ్యాసాన్ని ఇది తెలిశాక చదివితే వేరుగా ఉంటుంది.

ఒక విద్యార్థి: “సార్, ఆ ‘ఊహించిన శ్రోత’ సంగతి ఇంకొంచెం చెప్తారా? ప్రసంగానికి ఎలా వర్తిస్తుందో అర్థం కాలేదు.”

నా జవాబు: ఒక వాక్యం తీసుకో బాబూ. ‘అందరికీ తెలిసిన ఆ శక్తులే దీని వెనకున్నాయి.’ ఇందులో ‘అందరికీ తెలిసిన’ అన్నది ఎవరికి? నీకు తెలియకపోతే నువ్వు ‘అందరి’లో లేవు. ‘ఏ శక్తులు?’ అని అడిగితే, అడిగినందుకే నువ్వు అవతలి పక్షం. ఈ వాక్యం తన శ్రోతకి రెండే దారులు పెట్టింది, తలూపడం, లేదా అనుమానితుడు కావడం. 1968 పత్రికల్లో పేర్లు చెప్పకుండా ‘కొన్ని వర్గాలు’, ‘ప్రేరకులు’ అని రాసే పద్ధతి ఇలాగే పనిచేసేది. ‘సుమతీ’ అన్న పిలుపు నిన్ను పైకి లాగుతుంది, ఈ వాక్యం నిన్ను బెదిరిస్తుంది. రెండూ చేసేది మాత్రం ఒకటే, నువ్వు నోరు తెరవకముందే నీకో స్థానం నిర్ణయించడం. నువ్వు చదివే పద్యంలోనూ, పేపర్లోనూ, వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డ్‌లోనూ ఆ స్థానం ఎక్కడుందో ముందు వెతుకు. ఆ తర్వాత విషయం నిజమా కాదా అన్నది చూడొచ్చు.

మరొకరు: “పోలిష్ రాదు. ఇంగ్లీషులో ఏవైనా దొరుకుతాయా? పేరు పలకడం కూడా చెప్పండి.”

నా జవాబు: దొరుకుతాయి. ‘చార్నె సెజొని’కి మార్సీ షోర్ చేసిన ఇంగ్లీషు అనువాదం ‘ది బ్లాక్ సీజన్స్’ 2005లో వచ్చింది. నొవొమొవా మీది వ్యాసాలు ‘టోటలిటేరియన్ స్పీచ్’ అన్న సంపుటిగా 2014లో వచ్చాయి, అనువాదం స్టాన్లీ బిల్. ముందు మొదటిదే చదవండి. పేరు విషయానికొస్తే, పోలిష్‌లో అడ్డగీత ఉన్న ‘ఎల్’ అక్షరాన్ని మన ‘వ’కి దగ్గరగా పలుకుతారు, అందుకే మిహాల్ కాదు మిహావ్, గ్లొవిన్‌స్కి కాదు గ్వొవిన్‌స్కి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ‘మైకేల్’ అని మాత్రం రాయకండి.